చెయ్యెత్తకుండా రష్యన్

ఆ బుధవారం ఉదయం సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారి కార్యక్రమం నిరాడంబరమైనది. కాఫీ తాగడం, ఆదివారం అమలాపురంలో చెయ్యబోయే ప్రసంగానికి మెరుగులు దిద్దడం, మధ్యలో కాసేపు వాకిట్లో రష్యన్ రాయడం.

ప్రసంగం చిన్న విషయం కాదు. కొత్తపేటలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాటినుంచీ ఆయన హేతువాద సంఘం సభలకు క్రమం తప్పకుండా వెళుతున్నారు. మైకు సరిచూడడం, వక్తలకు మంచినీళ్లు అందించడం ఆయన వంతు. ప్రధాన వక్తగా పిలుపు రావడం ఇదే మొదటిసారి. అంశం: ఋజువు లేని నమ్మకాలు.

రష్యన్ మాత్రం పంతం. ఆయన తమ్ముడి మనవరాలు ప్రసన్న రష్యాలో వైద్యం చదువుతోంది. సెలవులకు రాజోలు వచ్చిన ఆ పిల్లకు, తాను యౌవనంలో పుస్తకం చూసి నేర్చుకున్న అచ్చక్షరాలతో మాస్టారు ఒక పలకరింపు రాసి ఫోన్లో పంపారు. "తాతయ్యా, అక్కడ చంటిపిల్లలు కూడా ఇలా విడివిడిగా రాయరు," అని జవాబిచ్చి, కింద చేతిరాతతో ఒక వాక్యం జోడించింది. మాస్టారికి అందులో ఒక్క అక్షరమూ బోధపడలేదు. అచ్చులో ఒంటికాలి మీద నిలబడ్డ 'త' చేతిరాతలో మూడు కాళ్ల ఇంగ్లీషు ఎమ్ అవుతుందని విచారించి తెలుసుకున్నారు. ఇటువంటి వేషం మార్పులను ఆయన ఇంతకాలమూ బాబాల్లో ఖండిస్తూ వచ్చారు.

సాధనకు ఆయన అన్నిటికన్నా కఠినమైన మాటను ఎంచుకున్నారు: 'లిషిష్'. చేతిరాతలో అది దాదాపు వరస కొక్కేలు. మధ్యలో చెయ్యి ఎత్తకూడదు. మాస్టారి కలం ప్రతి మూడో కొక్కెం దగ్గరా ఆగిపోయేది.

"ఏవండీ, చెయ్యెత్తకుండా మెలిక తిప్పడం ముగ్గులోనే వస్తుందండీ," అన్నారు భార్య భవానీదేవి. "నాలుగు రోజులు వాకిట్లో మీరే వెయ్యండి. మీకు రష్యనొస్తుంది, నా నడుముకి సుఖమొస్తుంది."

తర్కంలో లోపం కనబడక మాస్టారు ఒప్పుకున్నారు.

కళ్లాపి ఆరకముందే గేటు ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి కొక్కేలు తీరాయి. ఎదురింటి సత్తెమ్మ పాల క్యానుతో ఆగిపోయింది.

"ఏంటండీ మాస్టారూ, తమరు ముగ్గేస్తున్నారా?"

"ముగ్గు కాదమ్మా. రష్యా రాత."

అదే క్షణంలో కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి వారి మధ్యనుంచి దడదడలాడుతూ పోయింది.

"రక్ష రాతాండీ?"

"ఆయ్," అన్నారు మాస్టారు, చివరి కొక్కెం మీదనుంచి చూపు తిప్పకుండా.

సత్తెమ్మ ఇంటికి వెళ్లి, ఆ రాతను ఉన్నదున్నట్టు తన వాకిట్లోకి దింపింది. నెలల తరబడి రాని ఖతారు వీసా ఆమె అల్లుడు నాగసతీష్‌కి ఆ మధ్యాహ్నమే వచ్చింది. వీసాలు ఇచ్చేవారు కొత్తపేట వాకిళ్లు చూసి ఇవ్వరని మాస్టారు సులువుగా నిరూపించగలిగేవారే; ఆయన్ను అడిగినవారు లేరు. శుక్రవారానికి వీధిలో కొక్కేలు లేని గేటు లేదు. కొబ్బరి వ్యాపారి బంగారయ్య లారీ ముందు తెల్లరంగుతో వేయించాడు.

సంగతి తెలిసి మాస్టారు సత్తెమ్మ ఇంటికి వెళ్లారు.

"అది రక్ష కాదమ్మా. రష్యా. రష్యా వాళ్ల భాష."

"ఆయ్. గురువులు పైకి అలాగే చెప్తారండి."

"నేను గురువును కాను!"

"అదీ చెప్తారండి."

"దానర్థం చెప్తాను, వినండి. 'నువ్వు పోగొడతావు' అని. అంతే."

"ఏం పోగొడతామండీ?"

"అది చెప్పలేదు. ఆ వాక్యంలో కర్మ లేదు."

సత్తెమ్మ రెండు చేతులూ జోడించింది. "కర్మే లేకుండా పోగొట్టేస్తుందాండీ!"

వ్యాకరణం మాట ఎత్తినందుకు తన్ను తాను నిందించుకుంటూ మాస్టారు తిరిగి వచ్చారు. సాయంత్రానికల్లా అది కర్మ పోగొట్టే రక్ష అని తాటిపాక దాకా తెలిసింది.

ఆదివారం ఉదయం హేతువాద సంఘం కార్యదర్శి జనార్దన్, వక్తను తీసుకువెళ్లడానికి కారులో వచ్చారు. వీధి పొడుగునా గేట్లు చూసుకుంటూ వచ్చిన ఆయనకు మాస్టారి వాకిట్లో అన్నిటికన్నా పెద్దది కనిపించింది. దాని పక్కన బంగారయ్య పళ్లెంలో అరటిపళ్లు పెట్టుకుని నిలబడ్డాడు.

"తమరి చేత్తో ఒక్క కొక్కెం లారీ మీద గీసేరంటే చాలండి," అంటున్నాడు.

"ఏంటండీ మాస్టారూ ఇది?" అన్నారు జనార్దన్.

"రష్యన్ అండీ. వెయ్యొద్దంటే వినరు. నేనే మానేస్తే శక్తి దాచుకున్నానంటున్నారు. ఋజువు వస్తోంది, కాస్త ఆగండి."

ఋజువు ఆటోలో దిగింది. సభ చూడడానికి రాజోలు నుంచి వచ్చిన ప్రసన్న చుట్టూ వీధి అంతా చేరింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఈ అమ్మాయి రష్యాలో చదువుతోంది. అమ్మా, ఇది ఏ భాషో అందరికీ వినబడేలా చెప్పు."

ప్రసన్న వంగి, ముగ్గు మీద వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఇది రష్యన్ కాదు తాతయ్యా."

"సరిగ్గా చూడు."

"చూసేను. మొదటి అక్షరం తరవాత పది కొక్కేలుండాలి. తొమ్మిదే ఉన్నాయి. ఇలాంటి మాట రష్యన్‌లో లేదు. ఏ భాషలోనూ ఉండదనుకుంటా."

"నేను చెప్పలేదాండీ," అంది సత్తెమ్మ, "మనుషుల భాష కాదని?"

మాస్టారు జనార్దన్ వైపు చూశారు.

"సాక్షిని మీరే పిలిచేరు కదండీ," అన్నారాయన మర్యాదగా. "నేనేం చెయ్యను?"

ఇంకెవరి వాకిట్లోనైనా అయితే మాస్టారూ అదే నిర్ణయానికి వచ్చి ఉండేవారు.

సభ అనుకున్న వేళకే జరిగింది. 'విద్యావంతుల్లో మూఢనమ్మకాలు' అనే అంశం మీద జనార్దన్ గారే మాట్లాడారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారిని మొదటి వరసలో కూర్చోబెట్టి, అవసరమైన చోటల్లా చేత్తో చూపించారు.