బాగుపడని కారుకు పదికి పది

అమెరికాలో కారు బాగుచేయించుకోవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. బాగుపడకుండా కాపాడుకోవడానికే లాయరు కావాలి.

అరోరాలో ఉండే దమయంతమ్మ కొత్త కారు హైవే ఎక్కితే చాలు, ఉన్నట్టుండి ఆగిపోయేది. వెనక సీట్లో ఆరేళ్ల మనవరాలు తార. ఆగిన ప్రతిసారీ ఆవిడ ముందు వెనక్కి తిరిగి పిల్లను చూసుకునేది. మేనల్లుడి వరసయ్యే కౌశిక్ కార్ల పనిలో దిట్ట. "పంపించు అత్తయ్యా, గంటలో తేల్చేస్తా" అన్నాడు.

కారు వెనక్కిచ్చేయాలని కంపెనీ మీద క్లెయిమ్ వేయడానికి ఆవిడ పెట్టుకున్న లాయరు అంకిత హడలిపోయింది. "అయ్యో ఆంటీ, అతన్ని అస్సలు ముట్టుకోనివ్వకండి! బాగుచేసేస్తే క్లెయిమ్ పోతుంది!"

నియమం అలాంటిది మరి. (లెమన్ లా అంటారు.) కంపెనీ గుర్తింపున్న షాపువాళ్లు అదే జబ్బుకు నాలుగుసార్లు వైద్యం చేసి, నాలుగుసార్లూ ఓడిపోతేనే కంపెనీ ఆ కారును వెనక్కి తీసుకుంటుంది. అంచేత దమయంతమ్మ ఓడిపోయే షాపు కోసం వెతుకులాట మొదలుపెట్టింది. పక్కవీధి ఉమామహేశ్వరి గట్టిగా సిఫారసు చేసింది.

"మా డీలర్ దగ్గరికే వెళ్లు వదినా. రెండేళ్లుగా మా కార్ ఏసీ రిపేర్ చేస్తున్నారు. ఒక్కసారంటే ఒక్కసారి బాగుచేస్తే ఒట్టు. చాలా నమ్మకస్తులు."

వాళ్లు ఆ నమ్మకం నిలబెట్టుకున్నారు. మొదటిసారి ఏదో మార్చారు. రెండోసారి మార్చినదాన్నే మళ్లీ మార్చారు. మూడోసారి కారు కడిగిచ్చారు. (కడగడం మాత్రం శుభ్రంగా కడిగారు.) నాలుగోసారి మూడు రోజులు ఉంచుకుని, తాళాలు చేతికిచ్చి నవ్వారు.

వెళ్లిన ప్రతిసారీ సర్వీస్ అడ్వైజర్ డెరెక్ గుమ్మందాకా సాగనంపేవాడు. ఫోన్‌కు సర్వే వస్తుందని, పదికి పది రాకపోతే పైవాళ్లు తనను బతకనివ్వరని, ఇద్దరు పసిపిల్లలున్నారని చెప్పుకునేవాడు. అతని పొట్ట కొట్టడమెందుకని ఆవిడ అన్నిటికీ పది నొక్కేది. "మీ సమస్య తీరిందా?" అన్నచోట కూడా, పాపం, "తీరింది" అనే నొక్కేది.

క్లెయిమ్‌కు కంపెనీ జవాబు ఇచ్చింది: కారు బాగైనట్టు తమరే నాలుగుసార్లు ధ్రువీకరించారు, అభినందనలు.

"ఎందుకు నొక్కారు ఆంటీ?" ఫోన్‌లో అంకిత గొంతు కీచుమంది.

"ఎదురుగా నిలబడి అడిగాడే తల్లీ! మొహమ్మీద కాదనగలనా?"

అప్పటికి కారు హైవే పక్కన ఆగి ఉంది. లారీలు రివ్వున దూసుకుపోతుంటే కారంతా ఊగుతోంది. వెనక నుంచి తార ఆవిడ భుజం పట్టుకుంది.

"అమ్మమ్మా, కార్‌కి ఏమైంది?"

"బాగైపోయిందమ్మా" అంది దమయంతమ్మ.