జిల్లెళ్లపాయ గుంతల ధ్రువీకరణ

జిల్లెళ్లపాయకు తారురోడ్డు ఉంది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆ ఊరికి వెళ్ళినవాళ్ళు చాలామంది లేదనుకుని తిరిగొస్తున్నారు. కోయిలకుంట్ల నుంచి వెళ్తుంటే మలుపు దగ్గర నల్లరాతి ఫలకం నిలబడి ఉంటుంది. పదకొండు కిలోమీటర్ల పొడవునా రోడ్డు వేసినట్టు, దాన్ని ఘనంగా ప్రారంభించినట్టు దానిమీద చెక్కి ఉంది. దాని పక్కన రెండో ఫలకం, దాని పక్కన మూడోది. ఒకే రోడ్డును మూడుసార్లు ప్రారంభించుకున్న ఊరు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఫలకాలు దాటాక నల్లరేగడి మొదలవుతుంది. అదీ నల్లగానే ఉంటుంది కనుక తారు కోసం గొడవ పడాల్సిన పని లేదు.

రోడ్డును మూడుసార్లూ వేసిన కాంట్రాక్టరు ఓబుళేశు. ఆయన పొలంలో పని చూసుకునే ప్రేమయ్య మాత్రం కాస్త మొండిమనిషి. పొద్దున ప్రార్థన ఎంత అలవాటో, రోడ్డు లేదని జిల్లా కచేరీలో అర్జీ ఇచ్చి రావడమూ అంతే అలవాటు. సమాధానాలు మర్యాదగా వచ్చేవి. "మీ గ్రామమునకు రోడ్డు ఉన్నందున, రోడ్డు కావలెనన్న మీ సమస్య పరిష్కరించబడినది." అలా పదిహేడుసార్లు పరిష్కారమైంది. ఓబుళేశు పెద్దమనసున్నవాడు, తన రోడ్డు మీద అర్జీలేంటని ఏనాడూ కోప్పడలేదు. అర్జీ మీద అర్జీ పడితేనే కదా నాలుగోసారి మంజూరయ్యేది.

ఈ ఏడు ప్రేమయ్య తొందర వేరు. కూతురు ఆరాధన ఏడో నెలలో పురుటికి వచ్చింది. అల్లుడు బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు. పిల్లకు బీపీ ఉంది, నొప్పులు మొదలైన గంటలోపు తన ముందుండాలని కోయిలకుంట్ల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ముందే చేర్చుకుంటారా అంటే మంచాలు లేవంది. ఆటోలో ఎండాకాలమైతే గంటన్నర పడుతుంది. వాన పడితే ఆటో రాదు, 108 బండి ఫలకాల దగ్గర ఆగి అక్కడి నుంచి ఫోనులో పలకరిస్తుంది. ప్రేమయ్యకు అన్నం సహించడం మానేసింది.

సరిగ్గా అప్పుడే ఓబుళేశుకూ ఒక కష్టం వచ్చిపడింది. ఆయన బావమరిది పెద్ద బండి కొన్నాడు. అంతకన్నా పెద్దది కొనకపోతే మండలంలో తలెత్తుకు తిరగలేని పరిస్థితి. కర్నూలు షోరూముల్లో రెండు నచ్చాయి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయని, ఎంత చెడ్డదారిలోనైనా దూరిపోతాయని, లోపల కుటుంబానికి ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టే ఉంటుందని రెండు షోరూములవాళ్ళూ ఒకటే చెప్పారు. ఓబుళేశు కాంట్రాక్టరు కనుక మాట నమ్మే అలవాటు లేదు. రెంటినీ బాగా చెడ్డదారిలో నడిపి చూడాలన్నాడు. జిల్లాలో అలాంటి దారులకు కరువు లేదు గానీ, సొంత పని మీద ఉండే నమ్మకం వేరు. జిల్లెళ్లపాయ రోడ్డునే ఎంచుకున్నాడు.

దారి దొరికింది, కుటుంబమే దొరకలేదు. "ఏడు సీట్లుంటే తొమ్మిది మంది నీ మనుషులే కూచుంటారు. నేను నీ బండెక్కి ఎన్నేండ్లాయ? సుఖంగా ఉండాదో లేదో నాకేం తెలుసు?" అని ఆయన భార్య తేల్చేసింది. అందులో న్యాయం ఉంది. కాబట్టి ఒక పూటకు ప్రేమయ్య కుటుంబాన్ని తన కుటుంబంగా నియమించుకున్నాడు.

"ఒక పెద్దామె, ఒక కడుపుతో ఉండే మనిషి ఉంటే పరీక్ష నిండుగా ఉంటాది ప్రేమయ్యా. నీ కూతురొచ్చిండాదంట గదా," అన్నాడు.

ప్రేమయ్య భార్య జ్ఞానమణి అడ్డం తిరిగింది. "నన్ను పెద్దామె అంటే అనుకోనీలే, వస్తా. బిడ్డను మాత్రం ఎక్కియ్యనన్నా. అది కదలకుండా పండుకోవాలని డాక్టరమ్మ చెప్పిండాది."

అందుకని ఆరాధనకు బదులు నడిమి సీట్లో నిండుబిందె పెట్టి, జ్ఞానమణిని పట్టుకోమన్నారు. ఏ బండిలో నీళ్ళు తక్కువ ఒలికితే ఆ బండి కుటుంబానికి మంచిదన్నమాట. పరీక్షకు ప్రభుత్వ విలువ ఉండాలని ఇంజనీరు హర్షవర్ధన్‌ను పిలిపించారు. ఆ రోడ్డును మూడుసార్లూ కొలిచి సంతకాలు పెట్టింది ఆయనే. దాన్ని కళ్ళతో చూడటం మాత్రం అదే మొదలు. ప్రేమయ్య సంతోషానికి అంతులేదు. ప్రభుత్వం మనిషి గుంతను చూసి, గుంత అని కాగితం మీద ఒక్క మాట రాస్తే చాలు, రోడ్డు వచ్చేసినట్టేనని ఆయన లెక్క.

ముందు నల్లబండి బయల్దేరింది. మూడో కిలోమీటరు దగ్గర గొర్రెలమంద పడుకునేంత గుంత ఉంది. బండి అందులోకి వెళ్ళి, కాసేపు కనపడకుండా పోయి, అవతలి గట్టున తేలింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ గుంతలో ఎద్దుల కాళ్ళు విరిగినవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. ఊరు చేరేసరికి బిందెలో నీళ్ళు సగానికొచ్చాయి. తెల్లబండిలో ముప్పాతిక మిగిలాయి. జ్ఞానమణి అభిప్రాయమూ అడిగారు.

"రెండిట్లోనూ నడుం ఇరిగింది. చల్లగైతే ఉండాది," అంది.

చలువ బాగుందని రాసుకున్నారు.

చిక్కు నివేదిక రాసేటప్పుడు వచ్చింది. "శ్వేత వాహనము గుంతలో దిగి సునాయాసముగా ఎక్కినది" అని రాయబోయి హర్షవర్ధన్ పెన్ను ఆపాడు.

"గుంతలో దిగిందంటే గుంత ఉండాదని ఒప్పుకున్నట్టే గదన్నా. రోడ్డు నున్నగా ఉండాదని మూడుసార్లు నేనే రాసిస్తి."

"అయితే నున్నగా ఉండాదనే రాయప్పా," అన్నాడు ఓబుళేశు.

"నున్నని రోడ్డు మీద మా ఇంటి స్కూటరు గూడా పోతాది. ఇంక రెండు బండ్లకూ తేడా యాడ చూపాల?"

భోజనాల వేళదాకా ఇద్దరూ తలలు పట్టుకున్నారు. రాగిసంకటి, నాటుకోడి పులుసు పడ్డాక బుర్రలు పనిచేశాయి. గుంతలు ఉన్న మాట వాస్తవమే. అయితే అవి వాహనముల సామర్థ్యమును పరీక్షించు నిమిత్తము, నాణ్యమైన తారురోడ్డును తొలగించి ప్రత్యేకముగా నిర్మించినవి. నిర్మించినది ఓబుళేశు. రోడ్డు వేయనందుకు బిల్లు తీసుకోవడం ఎవరైనా చేస్తారు, తవ్వని గుంతకు బిల్లు పెట్టడానికి తెలివి కావాలి. సాక్షిగా ప్రేమయ్యను సంతకం పెట్టమన్నారు. గుంతలు అన్న మాట కాగితంలో నాలుగుచోట్ల కనపడేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి, మిగతాది చదవకుండానే పెట్టేశాడు. ఇంటికెళ్ళి, "గవర్నమెంటు ఒప్పుకుందిమే. ఇంక రోడ్డు వస్తాది," అని భార్యకు చెప్పాడు.

పదిహేడు అర్జీలకు కదలని ప్రభుత్వం ఆ నివేదిక అందిన ఇరవై రోజుల్లో కదిలింది. జిల్లెళ్లపాయ రోడ్డును సాహస పర్యాటక స్థలంగా ప్రకటించారు. పెద్ద బండ్లున్నవాళ్ళు వచ్చి గుంతల్లో దిగి ఎక్కి ఆనందించవచ్చు. ప్రారంభోత్సవంలో ఓబుళేశు మాట్లాడాడు.

"సోదర సోదరీమణులారా, ఇతర ప్రాంతాలవారు గుంతలుంటే సిగ్గుపడి పూడ్చుకుంటారు. మనం గర్వంగా గేటు పెట్టుకున్నాం. మహానగరాల నుంచి జనం టిక్కెట్టు కొని మరీ మన గుంతల్లో పడబోతున్నారు. ఒక పల్లె ప్రగతికి ఇంతకన్నా నిదర్శనం ఏమి కావాలని సవినయంగా ప్రశ్నిస్తున్నాను."

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. గుంతల నిర్వహణ కాంట్రాక్టు కూడా ఓబుళేశుకే ఇచ్చారు. వాటిని ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. ఒప్పుకున్న పనిని ఒప్పుకున్నట్టు చేయడం ఆయన జీవితంలో అదే మొదలు. ఏటా వానలకు ముందు ఊరివాళ్ళు గుంతల్లో తట్టలతో గరుసుమట్టి పోసుకునేవాళ్ళు. ఈసారి ప్రేమయ్య నాలుగు తట్టలు పోశాడో లేదో ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినట్టు నోటీసు వచ్చింది. ఆయన పద్దెనిమిదో అర్జీ పెట్టాడు. "మీ గ్రామమునకు రోడ్డు లేదన్న మీ వాదన సరియైనదే. ఉన్నది పర్యాటక స్థలము. పర్యాటక స్థలము మీదుగా రోడ్డు వేయుట నిబంధనలకు విరుద్ధము" అని జవాబు. పద్దెనిమిది అర్జీల్లో ఆయన మాట నిజమని ఒప్పుకున్న జవాబు అదొక్కటే.

ఇంతకూ ఏ బండి కొన్నాడంటారా, గుంతల బిల్లు రాగానే ఓబుళేశు రెండూ కొన్నాడు. బురద అంటుతుందని వాటిని కర్నూలు దాటనివ్వడం లేదు.

ఆదివారమైతే చాలు, కర్నూలు, కడప, బెంగళూరుల నుంచి బండ్లు బారులు తీరేవి. ఇంటి ముందు స్పీడుబ్రేకరు ఎత్తుగా ఉందని మునిసిపాలిటీ మీద కేసు వేసిన పెద్దమనిషి ఒకాయన, ఇక్కడ గుంతలు ఇంకొంచెం లోతుగా ఉంటే బాగుండేదని సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్ళాడు.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం, ముసురు పట్టి ఉండగా, ఆరాధనకు నొప్పులు మొదలయ్యాయి. 108 బండి వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండ్లకే లోపలికి అనుమతి అని గేటు దగ్గర ఆపేశారు. ప్రేమయ్య బురదలో పరిగెత్తి, ఊళ్ళోకొచ్చిన ఒక పెద్ద బండికి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. అందులో కర్నూలు అమ్మాయి శివాని ఉంది. పెద్ద బండ్లను ఒకదాంతో ఒకటి పోల్చి, ఏది కుటుంబానికి పనికొస్తుందో వీడియోల్లో చెప్పడం ఆమె వృత్తి.

"తల్లీ, నా కూతురికి నొప్పులు. ఆసుపత్రికి పోవాల," అన్నాడు.

"ఎక్కించు పెద్దాయనా," అంది శివాని. ఈ కథలో నిజంగా మెచ్చుకోదగ్గ మనిషి ఒకరుంటే ఆమే. ముందు అద్దానికి తగిలించి వీడియో తీస్తున్న ఫోను ఆపడం మాత్రం మరిచిపోయింది. ఏడో కిలోమీటరు దగ్గర, గుంతకూ గుంతకూ మధ్య, ఆడపిల్ల పుట్టింది. జ్ఞానమణి చేతులతో అందుకుంది. బిడ్డ కేర్‌మనగానే ప్రేమయ్య భోరున ఏడ్చాడు. ఏడుస్తూనే ఫోను వైపు తిరిగాడు.

"మా ఊరికి రోడ్డు లేదయ్యా. మూడుతూర్లు ఏసినామంటారు. నా బిడ్డ ఈ బురదలో కనింది. చూసేవాళ్ళు ఎవురైనా సరే, ఈళ్ళను ఒక్క మాట అడగండి."

తల్లీబిడ్డా ఆసుపత్రి చేరారు. డాక్టరమ్మ తిట్టాల్సినంతా తిట్టి, ఇద్దరూ క్షేమమని చెప్పింది. శివాని వీడియోలో ప్రేమయ్య మాట ఒక్కటి కూడా కత్తిరించలేదు.

పదమూడు లక్షల మంది చూశారు. ప్రేమయ్య పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మనవరాలిని ఒళ్ళో వేసుకుని కూతురి ఫోనులో కామెంట్లు చదవడం మొదలుపెట్టాడు. పెద్దక్షరాల బైబిలు చదివే అలవాటు కనుక ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివేవాడు. అంతమందిలో ఒక్కరైనా రోడ్డు సంగతి అడక్కపోతారా అని ఆయన ఆశ. సస్పెన్షను అద్భుతమన్నారు. పురుడు పోసుకునేంత జాగా ఉందంటే కుటుంబానికి ఇంతకన్నా మంచి బండి లేదన్నారు. పాపకు బండి పేరే పెట్టమని చాలామంది కోరారు. సీటు మీది మరక దేంతో పోయిందని ఒకామె అడిగింది. మూడు రోజుల్లో నాలుగువందల పదకొండు చదివాడు. నాలుగువందల పన్నెండోది మీరు రాసిందే. లీటరుకు ఎంత ఇస్తుందని అడిగారు.