జులైలో గీసిన పటం

అలాస్కా ఉత్తరాన ఉన్న కొండలన్నిటినీ, వాగులన్నిటినీ కొలిచి పటం గీసే మహత్కార్యం నిర్విఘ్నంగా ముగిసిందని సర్వే శాఖవారు సగర్వంగా ప్రకటించారు. అందులో మార్తా వాళ్ల ఊరి మీద 'నిర్జనం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

తప్పు పటం గీసిన క్రోజియర్ దొరది కాదు. మంచులో కొండలు కొలవడం ఆయన ఒంటికి పడదు కనుక జులైలో వచ్చాడు. జులైలో ఊరంతా సాల్మన్ చేపలు పట్టి ఎండబెట్టడానికి ఊరి దగ్గర ఉరవడికి వల నిలవదని నది దిగువన గుడారాల్లో ఉంటుంది. చలికాలమంతా మనుషులకూ, మంచుబండ్లు లాగే కుక్కలకూ ఆ చేపలే తిండి. దొర తలుపులు తట్టాడు. ఎవరూ పలక్కపోతే, శాస్త్రీయంగా ఉండాలని మరోసారి తట్టాడు. ఎప్పటినుంచో పేరున్న వాగుకు తన అత్తగారి పేరు పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు మార్తా కూతురు ఆగ్నెస్‌కు నెల తప్పింది. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు, తల్లి చావు తప్పి బయటపడింది. ఈసారి నర్సును పంపమని మార్తా పడవేసుకుని పట్నం వెళ్లి అడిగింది. వైద్యశాఖ గుమాస్తా పటం చూసి, ఆ ఊళ్లో ఎవరూ లేరని మర్యాదగా చెప్పాడు. మరి నేనెవరినని అడిగితే, అది తమ శాఖ పరిధిలోకి రాదన్నాడు. జులైలో దొర తప్పొప్పులు సరిచూడటానికి వస్తాడు, అప్పుడు జనం కనబడితే నర్సు మంజూరవుతుందని కూడా చెప్పాడు. మంచివాడే.

"దొర కోసం చేపలు ఆగుతాయా అక్కా?" అన్నాడు తమ్ముడు సైలస్.

"చేపలు పై ఏడొస్తాయిరా. ఆగ్నెస్ పోతే వస్తుందా?"

ఆ జులైలో ఊరు నది దిగువకు కదల్లేదు. అందరూ చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుని గుమ్మాల్లో కూర్చున్నారు. చేపలు గుంపులు గుంపులుగా ఊరి ముందునుంచే పోయాయి. ఏ క్షణాన వస్తాడో తెలియని దొర, ఆఖరి గుంపుతోపాటు వచ్చాడు.

ఆయన మనసు చివుక్కుమంది. "నది నిండా చేపలు పోతుంటే సింగారించుకుని కూర్చుంటారా? మీక్కావలసింది నర్సు కాదమ్మా, కష్టపడే గుణం" అని ఉపన్యసించాడు. అయినా ధర్మాత్ముడు, 'జనం కలరు' అని దిద్దాడు. పక్కనే 'సోమరులు' అని చేర్చాడు.

చలికాలంలో నర్సు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. మార్తా ఏడ్చింది, నర్సు చేతులు కళ్లకద్దుకుంది. బాలింతకు చేపలు బాగా పెట్టమని చెప్పి నర్సు వెళ్లిపోయింది. ఆ ఏడు కుక్కలు చాలా చచ్చిపోయాయి.

కొత్త పటం పట్నంలో బడి గోడలకెక్కింది. చూసినవాళ్లందరూ, ఇలాంటివాళ్లకు సర్కారు ఎంత చేసినా ఇంతేనని తలాడించారు. వాళ్ల వెనకాల నిలబడి మనమూ ఆడించాం.