రూపం లేని స్విచ్‌కి పూజ

ఆ ఉదయం ల్యాబు ఇన్‌చార్జి కరుణ అనుకున్నది పావుగంట పని. షాద్‌నగర్ శివారులోని పాలిటెక్నిక్ ల్యాబులో, సర్వర్ మీద వర్చువల్ స్విచ్ ఇమేజ్ ఎక్కించాలి. పదకొండుకు వచ్చే తనిఖీ అధికారికి అది నడుస్తుండగా చూపించాలి. కంప్యూటర్లను కలిపే స్విచ్ మామూలుగా ఒక డబ్బా. ఈ ఇమేజ్ మాత్రం డబ్బా లేకుండా సర్వర్ లోపలే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఫైలు. అధికారి మెచ్చితేనే ఆమె కాంట్రాక్టు ఇంకో ఏడాది సాగుతుంది, లేదంటే ఇంటికే.

పదింటికల్లా స్విచ్ నడిచింది. కరుణ ప్రాణం కుదుటపడింది. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ దశరథం పూలదండతో దిగబడ్డాడు. కాలేజీ బోరుకు, బస్సుకు, ఆఖరికి జిరాక్స్ మిషనుకు కూడా పూజ చేయించిన ఘనుడు. కంప్యూటర్ ఆన్ చేయడానికి మాత్రం ఇప్పటికీ అటెండర్ ఐలేశాన్నే పిలుస్తాడు.

"కొత్త స్విచ్ ఏడుందమ్మా?"

"డబ్బా ఉండదు సార్. సర్వర్ లోపల్నే నడుస్తాంది."

"మరి బొట్టు ఏడ పెట్టాలె? పూజ లేకుండ మొదలువెడితె అచ్చిరాదు."

ఐలేశం పరుగెత్తి, ఎప్పుడో కాలిపోయిన పాత స్విచ్ డబ్బాను స్టోర్ రూములోంచి తెచ్చి సర్వర్ మీద పెట్టాడు. పసుపు, కుంకుమ, దండ అన్నీ దానికే. కరుణ పళ్లు నూరింది. పెద్ద కుర్చీలో కూర్చోవడానికి బుర్ర ఉండాలన్న నియమం ఎక్కడా లేదు కదా!

"సార్, కొబ్బరికాయ బయట కొట్టుండ్రి. సర్వర్ల నీళ్లు పోతె ఖతమైతది!"

"దేవుని పనికి అడ్డం రాకు," అంటూ ఆయన సర్వర్ ఇనుప అంచుకే ఠపీమని కొట్టాడు. నీళ్లన్నీ గాలి రంధ్రాల్లోకి దిగాయి. చిటపటమంది. తెరలన్నీ నల్లబడ్డాయి.

"గిది శుభమేనా సార్?" అడిగాడు ఐలేశం.

అంతలోనే తనిఖీ అధికారి విజేందర్ లోపలికి వచ్చేశాడు. కాంట్రాక్టు పోయినట్టే అనుకుంది కరుణ. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నోరు తెరిచింది.

"సార్, మా వర్చువల్ స్విచ్..."

"గదే సార్!" దశరథం దండ వేసిన డబ్బాను చూపించాడు.

విజేందర్ దాన్ని రెండు చేతులా ఎత్తి, అటూ ఇటూ తిప్పి మురిసిపోయాడు. "మొన్న ఇంకో కాలేజోళ్లు గిది కంటికి కనపడదని కథలు చెప్పిండ్రు. అనుమతి కొట్టేసిన. మీరు నిజాయితీగ వస్తువు చూపెట్టిండ్రు. గీ మేడంను వదులుకోకుండ్రి."

కరుణకు సిగ్గేసింది. అయినా ఆయన చాపిన తనిఖీ పత్రం మీద సంతకం చేసింది.

అందులో, ఆమె సంతకానికి కాస్త పైన, ఇలా రాసి ఉంది: "వర్చువల్ స్విచ్, ఒకటి. బరువు సుమారు రెండు కిలోలు."