అన్నిటికీ ఐదే

మోత్కూర్ బడిలో ఆటల సారు మైసయ్య ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే, ఖోఖో కోర్టుకు సున్నంతో గీతలు గీయించడం. ఆదివారమే రామన్నపేటలో ఫైనల్. పోయినేడు ఒక్క పాయింటుతో చేజారిన కప్పు అది. ఈసారీ రాకపోతే ఆయనకు ముద్ద దిగేటట్టు లేదు.

గీత వంకరపోయిందని మళ్లీ చెరిపిస్తుండగా నవనీత వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. అన్నీ తప్పులేకుండా జరగాలన్న పట్టుదల ఆటగాళ్లలో ఎంతుందో కొలుస్తుందట. కాగితం మీది మాట తమ విషయంలో పూర్తిగా నిజమైతే ఐదుకు, అసలే కాకపోతే ఒకటికి టిక్కు పెట్టాలి. పిల్లలకు కాగితాలు పంచి, పెద్దమేడం గోవిందమ్మను కలవడానికి లోపలికి పోయింది.

పరీక్ష కాగితం కనబడ్డాక జవాబులు అందించకుండా సారు ఊరుకుంటాడా!

"అన్నిటికీ ఐదే పెట్టుండ్రి. బడి పరువు!"

"సార్, తప్పు చేస్తే నిద్ర పట్టదని ఉంది. నాకు మంచిగనే పడ్తది గద," అంది కెప్టెన్ జబీన్.

"మార్కులు పోతయి పిల్లా! ఐదు పెట్టు."

మధ్యాహ్నం లెక్కలు చూసిన నవనీతకు అందరివీ ఐదులే కనిపించాయి. గోవిందమ్మ దగ్గరికి ఉరికింది.

"మేడం, మార్కులు ఎంత ఎక్కువొస్తే లోపల గంత బాధ ఉన్నట్టు. గీ పిల్లలు చిన్న తప్పుకే కుమిలిపోతున్నరు. ఆదివారం ఆడిపియ్యకుండ్రి, జర తేరుకోనియ్యుండ్రి."

గోవిందమ్మ సరేనంది. ఆ మాట తెలిసి మైసయ్య సున్నం చేతులతోనే లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో మేడం! వీళ్లకు బాధా? పోయినేడు ఓడినంక గూడ బస్సుల పాటలు పాడినరు. ఏడ్చింది నేనొక్కన్నే! ఆ ఐదులు నేనే పెట్టిచ్చిన!"

నవనీత ఆయనను ఎగాదిగా చూసి, ఒక కాగితం చేతికిచ్చింది. "మీరు గూడ నింపుండ్రి సార్. నిజమే పెట్టాలె."

ఆయన నిజమే పెట్టాడు. టిక్కులు వంకరగా వచ్చాయని ఇంకో కాగితం అడిగి, స్కేలు పట్టుకుని మళ్లీ నింపాడు. అన్నీ ఐదులే.

గోవిందమ్మ ఒక్కమాటతో తేల్చేసింది. "పిల్లలను నేను తోల్కపోత. మీరు ఇంట్ల పండుండ్రి."

ఆదివారం సారు పండనూ లేదు, అన్నం ముట్టనూ లేదు. సాయంత్రం ఫోను మోగింది. "సార్, గెలిచినం!" అంది జబీన్. వెనక కేకలు, ఈలలు.

సారుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని అడిగాడు.

"బిడ్డా, అక్కడ గీతలు సక్కగ గీసిన్రా?"