పాండియన్ బండికి తలస్నానం

తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన చదువును వేదవల్లి ఆ ఉదయం మళ్లీ అందుకోవాలి. పది గంటలకు ప్రైవేటుగా రాసే పదో తరగతి సైన్సు పరీక్ష. పది దాటితే గేటు మూసేస్తారు. ఒర్లియంపేటలోని ఇంటి నుంచి పరీక్ష కేంద్రానికి బండి మీద పదినిమిషాల దారి. తొమ్మిదిన్నరకు బయలుదేరితే చాలని మొగుడు పాండియన్ ధైర్యం చెప్పాడు.

అంతటి మంచి పనికి మురికి బండి మీద పోతారా? తెల్లవారుతూనే లేచి, తండ్రినాటి మోటారుసైకిలుకు తలస్నానం చేయించాడు. నాలుగు బిందెల నీళ్లు. ఇంజను సందుల్ని కూడా వదల్లేదు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, హ్యాండిలుకు మల్లెదండ కట్టాడు. ఆ శ్రద్ధ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

తొమ్మిదిన్నరకు కిక్కు కొట్టాడు. బండి పలకలేదు. ఇరవైసార్లు కొట్టాడు. చెప్పు తెగింది.

"ఏందిరా పాండియా, పెండ్లికూతురు అలిగిందా?" అంది తల్లి మణియమ్మ, మనవణ్ణి చంకనేసుకుని.

ఎదురింటి గోవిందస్వామి వచ్చి, ఒక్క చూపు చూసి తేల్చేశాడు. "దిష్టి తమ్ముడూ! ఇంత సోకు చేస్తే వీధిలో కండ్లు ఊరకుంటాయా?"

ఆ మాట మణియమ్మకు నచ్చింది. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లు పళ్లెం నిండా తెచ్చి, మూడుసార్లు తిప్పింది. దిష్టి తగిలింది బండికే కదా అని, వీధిలో పారబోయాల్సిన నీళ్లు ఇంజను మీదే పోసింది.

తర్వాత అందరూ కలిసి వీధి చివరిదాకా నెట్టారు. బండి ఒకసారి దగ్గింది. మళ్లీ వెనక్కు నెట్టుకొచ్చారు. తొమ్మిదీ నలభై.

"నేను నడిచే పోతా మామా," అంది వేదవల్లి.

"నడిచి యాడికి పోతావు? గేటు మూసేస్తారు!"

కళ్లు తుడుచుకోబోయి ఆమె ఆగింది. వంగి వాసన చూసింది. "పెట్రోలు వస్తానే ఉంది మామా. నిప్పే పుట్టడంలే. మన పొయ్యి లైటరు తడిస్తే టక్కుటక్కుమంటుంది గానీ అంటుకోదు, చూళ్లేదా?"

నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు మీది మూత లాగింది. గరిటెడు ఎర్రనీళ్లు కారాయి. అందరూ మణియమ్మ వైపు చూశారు. మణియమ్మ మనవడి ముక్కు తుడవసాగింది.

వేదవల్లి స్పానరుతో ప్లగ్గు విప్పింది. అదీ తడిసే ఉంది. తీగమీది పిల్లవాడి లంగోటీ అందుకుని ప్లగ్గు, వైరు, మూత లోపలా శుభ్రంగా తుడిచింది. ప్లగ్గును వంటింట్లోకి తీసుకుపోయి, పొయ్యి మీది పెనంపై దోసెలా రెండువైపులా తిప్పి వెచ్చబెట్టి తెచ్చి, గుడ్డతో పట్టుకుని తిరిగి బిగించింది.

"ఇప్పుడు కొట్టు మామా. శీక్రం!"

ఒక్క కిక్కు. ఇంజను గర్జించింది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ సంబరంలో పాండియన్ ఒక్కడే దూసుకుపోయాడు.

"రేయ్! పరీక్ష రాసేది నువ్వా, నీ పెండ్లామా?" మణియమ్మ కేక అతన్ని మలుపు దగ్గర పట్టుకుంది.

పదికి నిమిషం ఉందనగా, మూసుకుంటున్న గేటులోంచి వేదవల్లి లోపలికి దూరింది. చేతిలో హాల్‌టికెట్టు, దాని మీద అయిదు నల్లటి వేలిముద్రలు.

ఒంటిగంటకు నవ్వుతూ బయటికి వచ్చింది. పరీక్ష కేంద్రం ఉన్న వీధి చివర పాండియన్ బండి పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎట్ల రాస్తివి?"

"పాసైపోతా మామా! నువ్వు ఇంటికి పోలేదా?"

"పోతే యాడన్నా ఆగిపోతే? ఇంజను ఆపితే మళ్లా నీ చెయ్యి కావాల్నే. అందుకే మూడు గంటలూ ఆపనేలే."

"ఇప్పుడు ఆగే ఉందే?"

"పెట్రోలు అయిపోయింది," అన్నాడు పాండియన్, నేల చూస్తూ.

వేదవల్లి ఈసారి ప్లగ్గు జోలికి పోలేదు. కొంగు నడుముకు దోపి, వెనకనుంచి నెట్టసాగింది.