ఎనభై రెండు మోకాళ్ళ ఘన విజయం

"కె.ఆర్.పురం ప్రజలకు, ముఖ్యంగా వారి మోకాళ్ళకు తెలియజేయడమేమనగా: ఎన్ని మహమ్మారులు వచ్చినా, మన ప్రియతమ నాయకులు శ్రీ పెద్దమునియప్ప గారు ఉన్నంతవరకు ఈ వార్డులో ఏ ఒక్క మోకాలూ అనాథ కాదు."

ఈ ప్రకటన రాసింది నేనే. బెంగళూరు కె.ఆర్.పురం స్టేషను రోడ్డులో నాకొక జిరాక్సు అంగడి ఉంది. పెద్దమునియప్ప గారు మా వార్డుకు మాజీ కార్పొరేటరు, వచ్చే ఎన్నికల్లో ఎమ్మెల్యే టికెట్టు ఆశిస్తున్నవారు. నేను వారి ఐటీ సెల్లుకు కన్వీనరును. సెల్లులో ఉన్నది నేనొక్కడినే కాబట్టి పదవి ఏకగ్రీవంగా వచ్చింది. 'అనాథ' అన్న మాట టైపు చేస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. నా రాతకు నేనే కరిగిపోవడం నాకున్న పాత జబ్బు.

అసలు సంగతి కెంపమ్మక్కతో మొదలైంది. ఆవిడ మా అంగడి ఎదుట తోపుడు బండి మీద ఆకుకూరలు అమ్మేది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఇల్లేమో మేడ మీద. మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్క మెట్టే జరుగుతూ దిగేది. ఆరోగ్య కార్డు మీద ఉచితంగా రెండు కీళ్ళూ మారుస్తామని పెద్దాసుపత్రి వాళ్ళు మార్చి నెలాఖరుకు తేదీ ఇచ్చారు. అంతలో లాక్‌డౌన్ వచ్చి, ప్రాణం మీదికి రాని ఆపరేషన్లన్నీ ఆపేశారు. కోడలు మునిలక్ష్మి బెళ్ళందూరు అపార్టుమెంటులో హౌస్‌కీపింగ్ పని మానేసి బండి తోయడం మొదలుపెట్టింది. మా వార్డులో ఇలా మోకాలి ఆపరేషను ఆగిపోయినవాళ్ళు మొత్తం నలభై ఒక్క మంది తేలారు.

ఈ లెక్క చెప్పగానే పెద్దమునియప్ప గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచి నన్ను అడిగారు.

"ఆపరేషను ఎవరి చేతిలో ఉండాది?"

"ఆసుపత్రి చేతిలో అన్నా."

"ఆపరేషను అయినాక చూసుకొనేది?"

"అది ఇంట్లోనే కదన్నా. కసరత్తులూ, నడిపించడాలూ."

"ఆ ఇండ్లు ఎవరి వార్డులో ఉండాయి?"

నేను లేచి నిలబడ్డాను. ఆయన శాంతంగా అన్నారు: "మన చేతిలో ఉండేది మనం ముందు చేసేస్తాం. ఆపరేషను నిదానంగా వాళ్ళు చేసుకోనీ."

ఆపరేషనుకు ముందే ఆపరేషను తరువాతి సేవ. ప్రపంచంలో ఏ డాక్టరుకూ ఈ ఆలోచన రాలేదని నేను ఆ సాయంత్రమే ఫేస్‌బుక్కులో రాశాను. ఎందుకు రాలేదో ఆలోచించే తీరిక లేకపోయింది, పథకానికి పేరు పెట్టాలి. ఇక్కడి సర్కారు పథకాల వరసలో 'మోకాలి భాగ్య' అని పెట్టాను.

మొదట వాకర్లు పంచాం. నాయకుడి ఫొటో ఎక్కడ అంటించాలన్న చర్చ రెండు రోజులు నడిచింది. చెయ్యి పట్టుకునేచోట అంటిస్తే జనం ఆయన చెయ్యి పట్టుకుని నడిచినట్టుంటుందని సలహా ఇచ్చింది నేనే. శానిటైజరు పూసుకున్న చేతులు కదా, వారం తిరక్కముందే నలభై ఒక్క వాకర్ల మీదా ఆయన ముక్కు చెరిగిపోయింది.

తరువాత వీడియో కాల్లో కసరత్తులు. బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండే అక్షర అనే ఫిజియోథెరపిస్టు ఉచితంగా చేస్తానని ముందుకొచ్చింది. మొదటి రోజు అందరినీ వాట్సాప్‌లో వరుసగా చూసి, వీళ్ళకు ఆపరేషను ఎప్పుడైందని అడిగింది. కాలేదన్నాను. అయితే నేర్పాల్సిన కసరత్తులు వేరని, ముందు వీళ్ళ కాగితాలు ఆసుపత్రి క్యూలోంచి జారిపోకుండా చూడమని, అది చాలా అవసరమని ఓపికగా చెప్పింది. సలహా బాగుందని, పథకంలో మాత్రం అలా లేదని చెప్పాను. మధ్యాహ్నానికి అక్షర గ్రూపులోంచి వెళ్ళిపోయింది. రాజకీయ అవగాహన లేని పిల్ల అనుకున్నాను. ఆ రోజు నుంచి కసరత్తులు నేనే చెప్పాను. జిరాక్సు మిషను పక్కన నిలబడి కాళ్ళు చాపడం, ముడవడం. నాకు నడుము పట్టేసింది.

ఇక పోర్టలు. ఆపరేషను చేయించుకుని ఇంటికి చేరినవాళ్ళ బాగోగులు రాయడానికి వలంటీర్లకు ఆరోగ్య శాఖ వాళ్ళు ఒక పోర్టలు ఇచ్చారు. లాగిన్ నాకు దక్కింది. అందులో గడులన్నీ నింపితే తప్ప ముందుకు పోదు. కార్డు నంబరు వేశాక ఆపరేషను జరిగిన తేదీ అడిగింది. పెద్దమునియప్ప గారి పుట్టినరోజు వేశాను. కుడి కాలా, ఎడమ కాలా, రెండూనా అని అడిగింది. ఎవరికీ తక్కువ చేయకూడదని అందరికీ 'రెండూ' వేశాను. అలా మోకాళ్ళు ఎనభై రెండయ్యాయి. నెల తిరిగేసరికి పోర్టలే అందరి ఫోన్లకూ మెసేజి పంపింది: మీరు పూర్తిగా కోలుకున్నారు, అభినందనలు.

కెంపమ్మక్క ఫోను పట్టుకుని అంగడికి వచ్చింది. ఆ నాలుగు అంగల దూరానికి ఆమెకు పావుగంట పట్టింది.

"నేను కోలుకుంటినంటప్పా. మోకాళ్ళకు ఇంకా ఎవురూ చెప్పినట్టు లేదు."

కంప్యూటరు అలాగే అంటుందక్కా, ఆసుపత్రి తెరిచాక అంతా సరి చేస్తానని మాటిచ్చాను. నా మీద ఆమెకు నమ్మకం. రేషను కార్డులో ఆమె పేరు తప్పు పడితే సరి చేయించింది నేనే కదా.

మాస్కులు వేసుకుని, దూరదూరంగా కుర్చీలు వేసి విజయోత్సవం చేశాం. కోలుకున్నవాళ్ళ తరఫున ఒకరు వేదిక ఎక్కి నడిచి చూపాలి. పోర్టల్లో మొదటి పేరు కెంపమ్మక్కది. వేదికకు ఆరు మెట్లు. ఆ చిక్కు విప్పింది కూడా నేనే. కెంపమ్మక్క చీర, మాస్కు మునిలక్ష్మికి తొడిగించి, తల మీద కొంగు కప్పించాం. ఆ పిల్ల ఆరు మెట్లూ గబగబా ఎక్కేసింది. చప్పట్లు మోగాయి. పెద్దమునియప్ప గారు మైకు అందుకుని, ఈ అరవై మూడేళ్ళ తల్లి పరుగు చూడండని గద్గదంగా అన్నారు. కెంపమ్మక్క కింద చివరి కుర్చీలో కూర్చుని తనను తాను చూసుకుంది. ఫొటోలు బాగా వచ్చాయి.

కొన్నాళ్ళకు ఆసుపత్రుల్లో ఆగిన ఆపరేషన్లు మళ్ళీ మొదలయ్యాయి. మిగతా నలభై మందికి రేపు మాపు అని చెప్పి తప్పించుకున్నాను గానీ, కెంపమ్మక్కకు మాటిచ్చాను కాబట్టి ఆటోలో వెంట వెళ్ళక తప్పలేదు. కౌంటరులో గుమాస్తా కార్డు నంబరు కొట్టి చూశాడు. రెండు మోకాళ్ళూ మార్చేసినట్టుంది, మారిన మోకాలికి కార్డు మీద మళ్ళీ డబ్బు ఇవ్వరు అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పవచ్చు. చెబితే నలభై ఒక్క మంది సంగతీ బయటికొస్తుంది. సరిగ్గా ఆ వారమే పెద్దమునియప్ప గారు 'నూటికి నూరు శాతం విజయం' అన్న ఫైలుతో టికెట్టు ఇంటర్వ్యూకు వెళ్తున్నారు. ఫైలు బైండింగు నా అంగడిలోనే అయింది. వేరే దారి ఏమైనా ఉందా అని అడిగాను.

ఉందన్నాడు. ఆపరేషను విఫలమైందని, అది చేసిన డాక్టరే ఫారం మీద రాసి సంతకం పెడితే వచ్చే నెలలోనే తేదీ ఇస్తారట. తెర మీదికి వంగి ఆ డాక్టరు పేరు చదివాడు. నా పేరే. పోర్టల్లో ఆ గడి కూడా ఖాళీగా వదలనివ్వలేదు మరి. ముందు 'డాక్టర్' అన్న మాట మాత్రం పోర్టలు దానంతటదే తగిలించుకుంది, అందులో నా తప్పేమీ లేదు.

"దీపక్ అంటే ఈయనే అప్పా" అంది కెంపమ్మక్క నన్ను చూపించి, ఎంతో ఆశగా.

గుమాస్తా లేచి నమస్కారం పెట్టాడు. "బయట నిలబడినారే సార్" అని నొచ్చుకుని, తాను కూర్చున్న కుర్చీనే తెచ్చి వేశాడు. ఆ వరండాలో ఉన్నది అదొక్కటే కుర్చీ. నేను కూర్చున్నాను. కెంపమ్మక్క కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆమె బరువుకు కుర్చీ కొద్దికొద్దిగా వణకడం నాకు తెలుస్తూనే ఉంది. ఫారం ఒళ్ళో పెట్టారు, పెన్ను చేతికిచ్చారు. ఏదో ఒకటి అడగాలి కదా అని, "ఎక్కడ నొప్పక్కా?" అన్నాను.

"నువ్వు రాసిన చోటనే అప్పా."

సిగ్గుతో చెవులు కాలాయి. పెన్ను మూత తీశాను. విఫలమైందని రాయాల్సిన చోట 'మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్షించవలెను' అని రాసి, కింద సంతకం చేశాను. టికెట్ల ప్రకటనకు రెండున్నర నెలలే ఉంది.

"ఏం రాస్తివప్పా?" అని ఆమె వెనక నుంచి వంగి అడిగింది.

"కసరత్తులు మానొద్దని రాశానక్కా" అన్నాను, కూర్చునే.